లేచిన చోటల్లా ఒక గీత

"ఎన్నిసార్లు పిలవాలి నిన్ను? వినబడదా?"

పెళ్లయిన కొత్తలో భర్త ఈ మాట నవ్వుతూ అనేవాడు. పోనుపోను విసుగ్గా అనేవాడు. ఆరేళ్ల కిందట అత్తగారు వంటింట్లో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక మాత్రం అనడం మానేసి, వంటకి వాడే చిన్న టైమర్ ఒకటి కొనుక్కొచ్చాడు. పది నిమిషాలకోసారి దానంతటదే మోగేలా మీటలు నొక్కి, దానికో నల్ల తాడు కట్టి, తన చేత్తోనే ఆమె మెడలో వేశాడు. "మోగగానే లేవాలి. పొయ్యి, కుళాయి, అమ్మ గది, వీధి తలుపు. ఓసారి చూసుకుంటే చాలు, కొండలేం మోయక్కర్లేదు," అన్నాడు. ఇంటికొచ్చిన ఆడపడుచు అది చూసి పొట్ట పట్టుకుని నవ్వి "టైంబాంబు వదినా" అని పేరు పెట్టింది. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు.

ఆమెకి ధ్యాస లేదని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు. అసలు చిక్కు ధ్యాస లేకపోవడం కాదు, ఉన్నదంతా ఒక్కచోటే ఉండిపోవడం. చిన్నప్పట్నుంచీ అంతే. గచ్చు తుడవమంటే మరక ఉన్న ఆ ఒక్క జానెడు చోటే ఆమెకి ఇల్లంతా. గిన్నె తోముతుంటే గిన్నెలోకి, కూర తరుగుతుంటే కత్తి అంచులోకి దిగిపోయేది. ఇక బట్టల చిల్లులు పూడ్చే రఫ్ఫు పని మొదలుపెడితే చెప్పనే అక్కర్లేదు. పురుగు కొట్టిన కోటు, సిగరెట్టు కాలిన ప్యాంటు వీధి చివరి లాండ్రీ నుంచి ఇంటికి వచ్చేవి. ఆ బట్ట లోపలి అంచు నుంచే దారాలు లాగి, చిల్లు మీద ముందు నిలువు దారాల పడుగు వేసి, ఆ పడుగులో ఒకటి పైన ఒకటి కింద అడ్డదారం పేక నడిపి, చిల్లు ఎక్కడుందో తెలియకుండా చెయ్యాలి. ఆ ఒకటి పైన ఒకటి కిందలో ఆమెకి ఊపిరి తీస్తున్నట్టు కూడా తెలిసేది కాదు. ఆ సుఖం ఎలాంటిదో ఎవరికైనా చెబుదామనుకునేది కానీ, పనిలో సుఖమేమిటని నవ్వుతారని ఊరుకునేది.

అత్తగారు పడినరోజు కూడా అలాగే కూర్చుని ఉంది. దభీమన్న చప్పుడుకి తల ఎత్తింది. "మూడుసార్లు పిలిచానురా. మంచినీళ్లడిగితే పలకలేదు. ఇక నేనే లేచాను," అని ఆస్పత్రి మంచం మీంచి అత్తగారు చెబుతుంటే అందరూ కోడలికేసి చూశారు. వినిపించలేదని ఆమె ఒట్టేసి చెప్పగలదు. పిలవలేదని ఎలా చెప్పగలదు?

ఆరోజు నుంచి ఆమెకి తనంటేనే భయం. భర్త ఇంట్లో లేనప్పుడు టైమర్ తీసి పక్కన పెట్టొచ్చుగా అని మీరనవచ్చు. పెట్టేది కాదు. అది మోగకపోతే తను మళ్లీ ఎక్కడికో దిగిపోతుందనీ, పైకి వచ్చేసరికి ఎవరో ఒకరు నేల మీద పడి ఉంటారనీ భయం. ఉల్లిపాయ తరుగుతుంటే చెయ్యి కాస్త కుదిరి హాయిగా అనిపించిందా, ఉలిక్కిపడి కత్తి కింద పెట్టేసేది. ఆరేళ్లుగా ఆమె దేన్నీ పది నిమిషాలకి మించి ఇష్టపడలేదు.

నిన్న లాండ్రీ ఆవిడ, ఆమె రఫ్ఫు చేసిచ్చిన పాత కోటు ఒకటి బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూపించింది. "ఇదిగో ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఏమిటమ్మా ఈ గీతలు?"

బిగువు మారిన చోటల్లా సన్నటి గీత పడింది. ఒకే చేత్తో, ఒకే ఊపులో వెళ్లాల్సిన దారం, ఆగి మళ్లీ మొదలైన చోట తన గుర్తు వదిలింది.

"మధ్యలో లేచానండీ."

"ఇన్నిసార్లా?" లాండ్రీ ఆవిడ భూతద్దం పక్కన పెట్టింది. "చూడమ్మా, ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని రఫ్ఫు చేసే పెద్దాయన మానేస్తున్నాడు. ఆ కుర్చీ నీకివ్వాలని నా కోరిక. ఈ కొత్త కోటు తీసుకెళ్లు, రేపు సాయంత్రానికి తెచ్చివ్వు. చిల్లు ఎక్కడుండేదో నేను వెతుక్కోవాలి. గీత కనిపించిందా, వేరే మనిషిని పెట్టుకుంటాను. ఏమీ అనుకోకు."

ఈ సంగతి చెబితే భర్త పేపరు దించకుండానే అన్నాడు. "నువ్వక్కడ కుర్చీలో కూర్చుంటే ఇక్కడ అమ్మ సంగతి? మళ్లీ పడితే?"

ఆ 'మళ్లీ' అన్న మాట విన్నాక ఆమె కొత్త కోటు మడతపెట్టి పక్కన పెట్టింది.

ఇవాళ భర్త ఆఫీసుకి వెళ్లగానే కూర్చుంది. మూడుసార్లు మోగింది, మూడుసార్లు లేచింది, మూడు గీతలు పడ్డాయి. దారాలన్నీ ఊడదీసింది. భోజనాలయ్యాక మళ్లీ కూర్చుంది. తాడు నీడ చిల్లు మీద పడుతోందని టైమర్ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఎలాగూ మోగుతుందిగా అనుకుంది. మొదటి వరసలో ధ్యాస టైమర్ మీదే ఉంది. నాలుగో వరసకి కాస్త కుదుటపడింది. ఒకటి పైన, ఒకటి కింద. బూడిద రంగు దారంలో నీలం ఉందని, ఆ నీలంలో మరో రంగేదో ఉందని కనిపించడం మొదలైంది. తర్వాత చెయ్యి లేదు, సూది లేదు, ఆమె కూడా లేదు.

తల ఎత్తేసరికి ఇందాక బల్ల మీదున్న ఎండ ఎదుటి గోడ ఎక్కి ఉంది.

మోగలేదేం? చేతిలోకి తీసుకుంది. వెనక మూత ఊడి ఉంది, బ్యాటరీ లేదు. కుర్చీ తోసేసి పరిగెత్తింది. పొయ్యి ఆరే ఉంది. కుళాయి కట్టే ఉంది. అత్తగారి గది తలుపు తోస్తే మంచం ఖాళీ, దుప్పటి కిందికి జారి ఉంది. వాకర్ కూడా లేదు. "అత్తయ్యా!" బాత్‌రూమ్‌లో లేదు, పెరట్లో లేదు. వీధి తలుపు గడియ వేసే ఉంది. వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇందాక చూసింది పొయ్యినే, నేలని చూడలేదు. గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచి చూసింది. నేల శుభ్రంగా ఉంది.

"ఇక్కడున్నానే. నీ వెనకే," అని ముందు గదిలోంచి వినిపించింది.

ఆమె కుర్చీ వెనక, రెండడుగుల దూరంలో, వాకర్ పక్కన పెట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది. పరుగులో తను ఆవిణ్ణి దాటుకునే వెళ్లింది. అత్తగారు గుప్పిట విప్పి బ్యాటరీ చూపించింది.

"పది నిమిషాలకోసారి తలుపు తీసి, నేను బతికున్నానో లేదో చూసి పోతావు. ఆరేళ్లయింది. కునుకు కూడా పట్టనివ్వవు కదే," అంది. తర్వాత గోడకేసి చూస్తూ, "ఆవేళ నేను పిలవలేదు," అంది.

ఆమెకి అర్థం కాలేదు.

"నాకు షుగరుందని చక్కెర డబ్బా పై అరలో దాచాడుగా వాడు. స్టూలెక్కాను. పడ్డాను. ఆ మాట చెబితే ఆస్పత్రి అని కూడా చూడకుండా అరుస్తాడు. పిలిచానని చెప్పేశాను. నీ మీద ఇంత దూరం వస్తుందనుకోలేదు."

"ఆరేళ్లు, అత్తయ్యా."

"వాడంటే నాకూ భయమేనే."

ఆమెకి జాలి వెయ్యలేదు. కోపం వచ్చింది. ఆ టైమర్‌ని గోడకేసి కొట్టాలనిపించింది, ఆవిడ ఒడిలో తల పెట్టి ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. వెళ్లి తన భూతద్దం తెచ్చుకుని కోటు మీద పెట్టి చూసింది. చిల్లులో ముప్పాతిక పూడింది. ఎక్కడా గీత లేదు. ఇంకా పది, పన్నెండు వరసలున్నాయి. ఇందాక లేచిన చోట అదృష్టం కొద్దీ దారం బిగువు తప్పలేదు, మళ్లీ లేస్తే ఇక్కడొకటి పడుతుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, బిగువు పోకుండా దారం వేలికి చుట్టుకుంది.

"బ్యాటరీ ఇయ్యనా?" అని భయంభయంగా అడిగింది అత్తగారు.

"మీ దగ్గరే ఉంచండి."

ఒకటి పైన, ఒకటి కింద. నాలుగు వరసలు మిగిలాయనగా వీధి తలుపు చప్పుడైంది. అత్తగారు వాకర్ తోసుకుంటూ వెళ్లి గడియ తీసి, వెంటనే తన గదిలోకి వెళ్లిపోయింది. భర్త చెప్పులు విప్పిన చప్పుడు, సంచీ పెట్టిన చప్పుడు. "మంచినీళ్లు," అన్నాడు. మూడు వరసలు. "నిన్నే. మంచినీళ్లు తెమ్మన్నాను. మోగట్లేదేమిటి అది?" సూది ఆగలేదు, దారం వదులవలేదు. అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

"ఎన్నిసార్లు పిలవాలి నిన్ను? వినబడదా?"

"వినబడుతోందండీ," అంది ఆమె, తల ఎత్తకుండా.