పేరమ్మ గురువారం బీపీ

డెబోరా అంటే పేరమ్మకు ప్రాణం. ఆమధ్య జెల్లచేప ముల్లు గుచ్చుకుని కాలు చీము పట్టినప్పుడు, వేలు తీసెయ్యాలేమోనని తలా ఒక మాట అంటుంటే, ఊరి క్లినిక్‌లో నర్సుగా చేసే డెబోరా రోజూ ఇంటికొచ్చి కట్టు కట్టింది. ముక్కు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. మైపాడు పక్కన పాళెం నుంచి నెల్లూరికి పేరమ్మ ఇవాళ్టికీ చేపల గంప మోస్తున్నదంటే అది ఆ చేతి చలవే. అంత చేసిన మనిషికి తిరిగి ఏమివ్వాలో పేరమ్మకు తోచేది కాదు. వంజరం చేప ముక్క ఇవ్వబోతే డెబోరా డబ్బిచ్చి గానీ తీసుకునేది కాదు.

చివరికి దారి క్లినిక్ గోడ మీదే దొరికింది. పాళెంలో బీపీ ఉన్నవాళ్లలో ఎంతమందికి అదుపులో ఉందో అక్కడ బోర్డు మీద నెలనెలా రాస్తారు. బాగుంటే పచ్చరంగు, లేకపోతే ఎరుపు. పచ్చగా ఉంటే మీటింగులో డెబోరాను మెచ్చుకుంటారని తెలిసిన రోజే పేరమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. తన బీపీ వల్ల ఆ బోర్డుకు మచ్చ రాకూడదు.

నెలకొక గురువారం బీపీ చూస్తారు. పేరమ్మ మంగళవారం నుంచే బేరం మానుకుని, ఇంటిపట్టున ఉండి మాత్రలు మింగేది. పెళ్లిచూపులవాళ్లు వస్తున్నారని ఇల్లు అలికినట్టు. గురువారం దాటిందా, మాత్రలు మళ్లీ డబ్బాలోనే. ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకు పోవాల్సి వస్తుంది మరి. చేపలమ్మే సందులో మగవాడికైతే ఏదో ఒక గోడ చాలు, ఆడది ఎక్కడికి పోతుంది? ఈ కిటుకు తన దగ్గరే దాచుకుందా అంటే అదీ లేదు. గంపలెత్తే ఆడవాళ్లందరికీ నేర్పింది. పక్కన కూర్చుని అమ్ముకునే ధనలక్ష్మికైతే దగ్గరుండి మరీ నేర్పింది. బోర్డు పచ్చగా కళకళలాడింది. పేరమ్మ కడుపు నిండింది.

అంతలో ధనలక్ష్మి సందులోనే కూలబడింది. మూతి వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. అంతకుముందు అదే పాళెంలో ఇంకో ఇద్దరికి అట్లాగే అయింది. డాక్టరు రేవతిగారు వచ్చి, బీపీ లెక్క పక్కనే పక్షవాతం లెక్క కూడా రాయించింది. అందరి బీపీ ఇంత బాగుంటే ఇక్కడే ఇంతమంది ఎందుకు పడిపోతున్నారని డెబోరాను అడిగింది. గురువారం కాని రోజు చూడాలని డెబోరాకు తోచింది.

ఆ శనివారం తెల్లవారగానే, గంపలు ఆటోకు ఎక్కిస్తుంటే డెబోరా బీపీ మిషనుతో ప్రత్యక్షమైంది. ముందు పేరమ్మకే చూస్తే అంకె ఎక్కువుంది. గంప మోసుకొచ్చిన ఆయాసమమ్మా అని పేరమ్మ తప్పించుకోబోయింది. డెబోరా ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, కాసేపాగి మళ్లీ చూసింది. అంకె దిగలేదు. అక్కడున్న ఆడవాళ్లలో ఒకరిద్దరికి తప్ప అందరికీ అదే వరస. ఆ నెల బోర్డు ఎర్రబడింది. మీటింగులో డెబోరాను నిలబెట్టి అడిగారని పాళెమంతా చెప్పుకున్నారు.

పేరమ్మకు మింగలేక కక్కలేక అయింది. చెబితే ఇన్నాళ్ల పచ్చరంగూ దొంగదేనని తేలుతుంది, డెబోరా పరువు పోతుంది. చెప్పకపోతే సందులో ధనలక్ష్మి చోటు పక్కన రేపు తన చోటూ ఖాళీ అవుతుంది. రెండు రోజులు గుంజాటన పడి, సాయంత్రం క్లినిక్‌కు పోయి గడప దగ్గరే నిలబడింది.

"నీ పేరు నిలబెడదామని నీకే చెడు చేసినానమ్మా. గురువారానికి ముందు మాత్రమే మాత్రలు మింగినాను. అందరికీ నేర్పినాను. ధనలక్ష్మికీ నేనే నేర్పినాను," అంది. మాత్ర వేసుకుంటే సందులో పడే అవస్థ కూడా, సిగ్గు విడిచి, తల దించుకుని చెప్పింది.

డెబోరా తిడుతుందనుకుంది. డెబోరా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"బోర్డు పచ్చగా ఉన్నన్నాళ్లూ నువ్వు మాత్ర ఎట్టా వేసుకుంటుండావో నేను అడగనే లేదక్కా. ఎర్రబడినాకే గదా ఆటో కాడికి వచ్చినాను," అంది.

తన మాట తనకే తప్పుగా తోచి డెబోరా తడబడింది. "కాదులే, వచ్చినాకే ఎర్రబడింది," అని తనే దిద్దుకుంది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రేవతిగారు మాత్ర మార్చింది. దీనికి ఒంటేలు బాధ ఉండదు, కాళ్లు వాస్తే మాత్రం చెప్పమంది. సందులో మరుగుదొడ్డి కోసం అర్జీ కూడా పెట్టింది. అది ఎప్పుడు కదులుతుందో పైవాడికే తెలియాలి. ధనలక్ష్మి చేతికి డెబోరా ఇంటికెళ్లి కసరత్తు చేయిస్తోంది, ధనలక్ష్మి ఇప్పుడు వేళ్లు కాస్త ముడవగలుగుతోంది. సందులో ఆమె చోటును పేరమ్మ ఇంకొకరికి పోనివ్వలేదు.

మళ్లీ గురువారం వచ్చింది. పేరమ్మ బేరం మానలేదు. ఖాళీ గంపతో, చేతికంటిన పొలుసుతో నేరుగా క్లినిక్‌కు వచ్చి చెయ్యి చాపింది. రోజూ మాత్ర వేసుకుంటున్నా అంకె ఇంకా కొంచెం ఎక్కువే ఉంది.

"ఎంతుంటే అంత రాసుకో తల్లీ. ఇది నాదే," అంది.

డెబోరా ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. వంజరం ముక్క ఊరికే పుచ్చుకోని మనిషి, పేరమ్మ ఇచ్చిన ఆ నిజం అంకెను మొదటిసారి ఊరికే పుచ్చుకుంది.