పదేసి చెట్ల స్థలాలు

ఎక్కడైనా స్థలాన్ని గజాల్లో కొలుస్తారు. మా జగ్గారావుగారు కొబ్బరిచెట్లతో కొలిచారు. మలికిపురం శివార్లో తన తోటను ఏడు ఇళ్ళ స్థలాలు చేసి అమ్మినప్పుడు, ఎవరికీ ఎక్కువ తక్కువలు రాకూడదని మనిషికి పదేసి కాసే చెట్లు లెక్కపెట్టి హద్దురాళ్ళు పాతించారు. ఏడుగురమూ సంతోషంగా తలూపాం. చెట్లు సమానంగానే వచ్చాయి, దారి మాత్రం ఎవరికీ రాలేదు. ఇంటికి దారి కావాలన్న సంగతి పాతికేళ్ళు పాఠాలు చెప్పిన నాకు కూడా తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాలుగేళ్ళ తర్వాత, 2003లో, ఇల్లు కడదామని వెళితే పంచాయతీ కార్యదర్శి కృష్ణమూర్తిగారు మా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మధ్యలో ముప్పై అడుగుల దారి చూపించాలండి కాంతమ్మగారూ. అది లేకపోతే ఏడింట్లో ఒక్కదానిక్కూడా ప్లాను రాదండి."

మేముండే అద్దె ఇల్లు కాలవగట్టు కింద. వానాకాలం వస్తే మంచం కింద నీళ్ళు. ఆ చెమ్మకు మా ఆయన ప్రభాకరరావుకు ఆయాసం పట్టుకుంది. ఇంకో వానాకాలం ఆ ఇంట్లో ఉంచితే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశారు.

దారి కోసం ప్రతివాళ్ళూ రెండు మూడు చెట్లు వదులుకోవాలి. ఇక చూడండి మా ఏడుగురి తమాషా. దారి ఎదుటివాళ్ళ వైపు జరపమంటాడు దుర్గారావు. దుర్గారావు వైపే జరపమంటారు ఎదుటివాళ్ళు. మస్కట్‌లో ఉన్న ఒకాయన ఫోన్లోనే తన చెట్లు లెక్కపెట్టించుకున్నాడు. ఎనిమిది నెలలు నా చెప్పులు అరిగాయి. మంగాయమ్మగారైతే తన స్థలంలో చెట్టు పట్టుకుని ఏడ్చారు.

"మా అత్తగారు పోయేముందు ఈ చెట్టు బొండాం నీళ్ళే తాగేరండి."

"చెట్టు ముఖ్యమా, దారి ముఖ్యమా అండీ?" అని కసిరాను.

చివరికి అందరూ సంతకాలు పెట్టారు. కూలికి వచ్చిన సింహాద్రి గొడ్డలి తెచ్చి చెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. చెట్టు పడితే దాని తల్లో ఉండే లేత మొవ్వును ఇరుగుపొరుగుకు పంచడం మావైపు ఆనవాయితీ. మంగాయమ్మగారు అందరికీ పంచారు గాని తాను ముట్టలేదు. ఏం చాదస్తమో అనుకుంటూ నా వాటా లొట్టలేసుకుంటూ తిన్నాను.

మర్నాడు కొలతతాడు మా స్థలం దాకా వచ్చింది. తాడుకు లోపల, సరిగ్గా దారిలో, నా గంగాబొండం రకం కొబ్బరిచెట్టు. రిజిస్ట్రేషన్ అయిన రోజు నా చేత్తో నాటుకున్న మొక్క. మేం కాసే చెట్లు మాత్రమే లెక్కపెట్టాం కాబట్టి ప్లానులో దాని ఊసే లేదు. నెల కిందటే తొలి గెల వేసింది.

"రెండడుగులు అటు జరపకూడదా అండీ?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు సిగ్గుపడ్డాను, అయినా వెనక్కి తీసుకోలేదు.

అటు దుర్గారావు స్థలం. అతనప్పటికే మూడు చెట్లు కొట్టించుకున్నాడు.

"జరిపితే ఏడుగురూ మళ్ళీ సంతకాలు పెట్టాలండి," అన్నారు కృష్ణమూర్తిగారు. "వానలు కూడా దగ్గరకొచ్చేసేయండి."

మంగాయమ్మగారు అక్కడే ఉన్నారు. నా మాట నాకే అప్పజెబుతారనుకున్నాను. ఆవిడ వచ్చి నా చెట్టును నిమిరారు. ఆ మాట అంటేనే బాగుండేది.

"కొట్టెయ్, సింహాద్రీ," అన్నాను.

లేత చెట్టు, నాలుగు దెబ్బలకే పడిపోయింది. పిందెలు దారంతా దొర్లాయి. మొవ్వును ఏడు ముక్కలు కోశాను, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ కాకుండా. మంగాయమ్మగారి వాటా వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

ఆవిడ పళ్ళెం అందుకుని, "మీరు తిన్నారా అండీ?" అని అడిగారు.

తల అడ్డంగా ఊపాను.

"ఆయ్," అన్నారావిడ. "గొంతు దిగదండి."