తెలిసీ తెలియనట్టు

ఆ పిల్లకి మూడేళ్లు కూడా నిండలేదు. వేరే రాష్ట్రం నుంచి వలసొచ్చి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి, పొద్దున్నే తెచ్చి అక్కడి పిల్లల గదిలో దింపి వెళ్లింది. కాసేపటికి పిల్ల కాళ్లు ముడుచుకుని, టీచరమ్మ చెయ్యి పట్టుకుని, తన ఇంటి భాషలో బాత్రూముకు పోతానంది. మళ్లీ అంది.

టీచరమ్మకు అర్థమైంది. అది ఆమె అమ్మమ్మ భాషే. కానీ గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ ఒక్క భాషే. సరిగ్గా అడిగితేనే పంపు" అన్నాడు.

ఆమె తల దించుకుంది. "ఏమంటున్నావో తెలియడం లేదమ్మా" అంది.

పిల్ల నిలబడ్డచోటే తడిపేసుకుంది. ఆఫీసువాళ్ల పిల్లలు పగలబడి నవ్వారు. టీచరమ్మ బట్టలు మార్చబోతే ఆ పిల్ల వెనక్కి జరిగింది.

మర్నాడు మేనేజరు దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది. వలసవాళ్ల పిల్లలకు శుభ్రం తెలియదట. ఇకనుంచి వాళ్లు వెనక సామాన్ల గదిలోనే ఉండాలట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తల్లులు గుమిగూడారు.

"మన పిల్లలు ముందు గదిలోనే ఉన్నారుగా? మనకెందుకీ తలనొప్పి?" అందొకామె.

బొత్తాలు కుట్టే ఆమెను అందరూ బొత్తాలక్క అంటారు. ఆమె గయ్యిమంది. "ఇవాళ వాళ్ల భాష పనికిరాదన్నాడు. రేపు నీ పిల్ల నలుపంటాడు. ఎల్లుండి నాకు మొగుడు లేడని నా కొడుకుని గెంటేస్తాడు. మనల్ని విడదియ్యడం వాడికి వెన్నతో పెట్టిన విద్యే!"

పిల్ల తల్లి వచ్చీరాని మాటల్లో అంది: "నా పిల్ల ఇంట్లో అడుగుద్ది. ఇక్కడ అడగలేదా?"

మూల కూర్చున్న టీచరమ్మ చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేసింది. లేచింది.

"అడిగింది. నాకు అర్థమైంది కూడా. ఉద్యోగం పోతుందని తెలియనట్టు నటించాను."

అదే మాట ఆ తల్లి భాషలో మళ్లీ చెప్పింది. తల్లి చెయ్యెత్తింది. దించేసింది.

"అది నిన్ను నమ్మింది" అంది.

కొట్టినా బాగుండేది అనిపించింది టీచరమ్మకు.

"నీ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని" అంది బొత్తాలక్క. "రేపు పిల్లల్ని ఎవ్వరం ఆ గదుల్లో దింపం. మిషన్ల దగ్గరికే తెస్తాం. నువ్వెటు?"

"మీతోనే."

తెల్లారి తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని మిషన్ల హాల్లోకి నడిచారు. ముందు గది పిల్లలూ వచ్చారు. తలనొప్పి ఎందుకన్నామె కూడా వచ్చింది. టీచరమ్మ వాళ్లతోపాటు నేలమీద కూర్చుంది.

"నీ ఉద్యోగం ఊడింది, పో బయటికి!" అని అరిచాడు మేనేజరు.

ఆమె కదల్లేదు.

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు బాబూ, వాళ్లకీ పిల్లలుంటారుగా. ఎత్తుకోడం వచ్చే ఉంటుంది" అంది బొత్తాలక్క. హాలంతా నవ్వింది.

ఆ పిల్ల మాత్రం టీచరమ్మ వైపు చూడలేదు. తల్లి మెడ గట్టిగా పట్టుకుని ఉంది. టీచరమ్మ చెయ్యి చాచలేదు. తనకింకా ఆ హక్కు లేదనుకుంది.

మేనేజరు తనే వెళ్లి మిషన్ల స్విచ్చి వేశాడు. మిషన్ల మీది దీపాలు వెలిగాయి. పెడళ్ల మీద ఒక్క కాలూ పడలేదు. బయట పోలీసు వ్యాను ఆగిన చప్పుడైంది. అప్పుడే పక్క షెడ్డులోని ఇస్త్రీ పనివాళ్లు పని ఆపేసి గుంపుగా లోపలికొచ్చారు. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని, జరిగి, వాళ్లకు చోటిచ్చారు.