చేపల పక్కన జాజిక్

ఆగస్టు వచ్చిందంటే టర్కీ తీరంలోని గెలిబోలు ఊళ్లో ఇంటింటా సార్డీన్ చేపల వాసనే. ద్రాక్షాకుల్లో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేపలు ఆ మధ్యాహ్నం బల్ల మీద పొగలు కక్కుతున్నాయి. నూర్‌హయాత్ సరిగ్గా ఆ పళ్ళెం పక్కనే పెరుగు గిన్నె దించి, వెల్లుల్లి దంచడం మొదలుపెట్టింది.

అత్తగారు మక్‌బూలే గుండె మీద చెయ్యేసుకుంది. "ఏమే, మతి గానీ పోయిందా? చేపల పక్కన పెరుగేంటి?"

"జాజిక్ చేస్తున్నా అత్తయ్యా."

"ఒకసారి చేశావుగా! అది చాల్లేదా?"

ఆ ఒకసారి తొమ్మిదేళ్ల కిందటి మాట. కొత్తకోడలు చేసిన జాజిక్‌ను మామగారు రిఫత్ చేపలతో కలిపి తిన్నాడు. రాత్రికి వాంతులు, ఆపైన మూడు రోజులు ఆసుపత్రి. చేపా పెరుగూ కలిస్తే విషమని ఊరంతా నమ్ముతుంది. దాంతో ఆమె పేరు వీధిలో "విషం కోడలు" అయి కూర్చుంది. మక్‌బూలే చుట్టాల ముందు కూడా ఆ మాట అనేది, అందరూ నవ్వేవారు, నూర్‌హయాత్‌కు ఒళ్ళు మండేది. నిన్న ఆరేళ్ల కూతురు ఎల్వాన్ వీధిలోంచి ఏడుస్తూ వచ్చి, "తాతయ్యకి నువ్వు విషం పెట్టావా అమ్మా?" అని అడిగింది. ఇక ఊరుకునేది లేదనుకుంది నూర్‌హయాత్.

కీరదోసకాయ కొస కోసి నాలుక మీద పెట్టుకుంది. చేదు లేదు. చెక్కు తీసి సన్నటి ముక్కలు తరిగింది. కొందరు తురుముతారు గానీ, తురిమితే కాయంతా నీళ్లయిపోయి పంటికి ఏమీ తగలదు. పెరుగు చిలికి, చల్లటి నీళ్లు పోసి, ఉప్పు, వెల్లుల్లి, ముక్కలు కలిపింది. పైన ఎండు పుదీనా నలిపి, నాలుగు చుక్కల ఆలివ్ నూనె వేసింది.

చేపను తల పట్టి వెన్నుముల్లు లాగేసి నోట్లో పెట్టుకుంది. దాని మీద చెంచాడు జాజిక్. అలా ఆరు చేపలు తినేసింది.

"చూడమ్మా ఎల్వాన్, మీ అమ్మ చచ్చిందా?"

"సాయంత్రానికి తెలుస్తుందిలే," అంది మక్‌బూలే.

"కదలను అత్తయ్యా. మీరూ కూర్చుని చూడండి."

మిగిలిన జాజిక్‌ను ఫ్రిజ్‌లో పెట్టి వచ్చి కూర్చుంది. టీ రెండుసార్లు మరిగింది. పొద్దువాలింది. ఆమెకు తేన్పు కూడా రాలేదు.

బల్ల చివర కూర్చున్న రిఫత్ తన గిన్నె ముందుకు జరిపాడు. "నాకూ కాస్త పొయ్యమ్మా. ఆ రోజు తప్పు జాజిక్‌ది కాదు. మీ అత్త చేపల్ని పొద్దుటినుంచీ ఎండలో వదిలేసింది. నేను ఆలస్యంగా వచ్చి ఒక్కణ్ణే తిన్నాను. తింటుంటేనే కంపు కొట్టాయి."

మక్‌బూలే తల దించుకుంది. జాజిక్ గిన్నె తెచ్చిన నూర్‌హయాత్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీకు తెలుసా మామయ్యా?"

"తెలుసు. మీ అత్త నోటికి ఎవరు ఎదురెళ్తారమ్మా?"

తొమ్మిదేళ్లలో అత్త అన్న ఏ మాటకూ అంత కోపం రాలేదు నూర్‌హయాత్‌కు. ఆ గరిటెడూ కూతురి గిన్నెలో పోసి, మూత పెట్టేసింది.

"ఇదే మాట కాఫీ దుకాణంలో నలుగురి ముందూ చెప్పి రండి. అప్పుడు పోస్తా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీరొచ్చేదాకా ఫ్రిజ్‌లో పెడతా. ఎండలో మాత్రం వదిలెయ్యను."