ముందు సీటు

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే అక్క ఫోన్ చేసింది. "అమ్మ నిన్నే కలవరిస్తోందే చిన్నీ. డాక్టరు పెదవి విరిచేశాడు. ఎలాగోలా సాయంత్రానికి వచ్చెయ్."

"కారు కుదరదు" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. "మా అమ్మని కళ్ల డాక్టరుకి చూపించాలి. బస్సులేమో సమ్మె. ఆదివారం అందరం కలిసి వెళ్దాంలే. మీ అమ్మకి సీరియస్ అవడం ఇది మూడోసారి కదూ?" అని నవ్వాడు కూడా. "ముసలి ప్రాణాలు అంత తేలిగ్గా పోవమ్మా" అంది అత్తగారు, ఓదార్పుగానే.

ఆమె వాదించలేదు. ఆ ఇంట్లో వాదించి గెలిచిన దాఖలా ఆమెకి లేదు. రెండు పూటలకీ వండి మూతలు పెట్టింది. అత్తగారి చుక్కల మందు బల్లమీద కనబడేలా పెట్టింది. అడిగితే ఆదివారం, అడక్కపోతే ఇవాళే. ఇంత చిన్న విషయం తెలియడానికి పదకొండేళ్లు పట్టింది. తల్లీకొడుకుల కారు సందు తిరగ్గానే, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఆటో ఎక్కింది. ఆటోలోంచే అక్కకి చెప్పింది, వస్తున్నానని.

ఆటో నగరం చివర, పెద్ద రోడ్డు మొదలయ్యేచోట దింపేసింది. ఇక లిఫ్ట్ అడగాలి. చెయ్యెత్తడమేగా, అదేమన్నా బ్రహ్మవిద్యా? కానీ చెయ్యి లేవలేదు. రెండు లారీలు, నాలుగు కార్లు పోయాక లేచింది. ఒక కారు ఆగింది. లోపలి మనిషి ఆమెను కిందినుంచి పైదాకా చూసి, "ఒక్కదానివేనా?" అన్నాడు. ఆమె గబుక్కున వెనక్కి తగ్గింది. ఏడుపొచ్చింది. ఇంటికి పోదామా అనిపించింది. ఇప్పుడు తిరిగితే చుక్కల మందు వేళకి అందుకోవచ్చు కూడా. అమ్మ గుర్తొచ్చి మళ్లీ చెయ్యెత్తింది.

ఈసారి పాలవ్యాను ఆగింది. పాలు దించేసి, ఖాళీ క్యాన్లతో ఊళ్లకి తిరిగి వెళ్తోంది. నెరిసిన గడ్డం డ్రైవరు ఆమె ఊరు విని ఎక్కమన్నాడు. ఆమె పరుగున వెనక్కి వెళ్లి, క్యాన్ల మధ్య కాలు పెట్టే చోటు వెతకసాగింది.

"అటెక్కడికమ్మా? అది క్యాన్లకి. మనుషులు ముందు కూర్చుంటారు."

సిగ్గుతో చచ్చిపోయింది. ఇంట్లో కారుంది. ముందు సీటు అత్తగారిది. వెనక సంచులూ, ఫ్లాస్కూ, ఆమె. ఒకరోజు అత్తగారు లేకపోయినా అలవాటుగా వెనకే ఎక్కితే, "నేను నీ డ్రైవర్నా?" అని భర్త నెలరోజులు అందరికీ చెప్పుకుని నవ్వాడు. ఇప్పుడు అద్దం నిండా రోడ్డే. ముందు కూర్చుంటే ఇంత రోడ్డు కనిపిస్తుందని ఆమెకి తెలియదు.

భర్త నుంచి ఏడుసార్లు ఫోన్ మోగింది. తియ్యలేదు. ఎనిమిదోది అక్కది.

"పోయిందే చిన్నీ... ఇప్పుడే." అక్క వెక్కుతోంది. "నువ్వు బయల్దేరావని చెవిలో చెప్పానే. కళ్లు తెరిచింది. 'వాళ్లాయన్ని అడిగే బయల్దేరిందా?' అంది. అదే ఆఖరి మాట. అడిగిందమ్మా అని చెప్పేశాను."

డ్రైవరు బండి నెమ్మది చేశాడు. "పక్కకి ఆపనా అమ్మా?"

"వద్దు, పోనివ్వండి" అంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. వెనక క్యాన్లు ఒకటే మోత. ఆ మోతలో ఎవరికీ వినబడదని తెలిసి, ఎదురుగా ఉన్న రోడ్డుకేసి చూస్తూ పైకే అంది.

"అడగలేదమ్మా."