కుర్చీ అంచున

"ఇంట్లోనే ఉంటావుగా, ఆ బట్టలు కాస్త మడతపెట్టెయ్," అన్నాడు భర్త, షూ లేసు కట్టుకుంటూ.

నిజానికి ఆమె ఇంట్లో ఉండదు. పెరట్లో కారు షెడ్డులో ఉంటుంది. రంపాలూ, ఉలులూ, జిగురు డబ్బాలూ, వాటి మధ్య ఆరు కొత్త కుర్చీలు. వాటి బొమ్మ గీసింది ఆమె, చెక్క ఎంచింది ఆమె, చిత్రిక పట్టిందీ ఆమే. కానీ షెడ్డు ఇంటి ప్రహరీ లోపలే ఉంది కాబట్టి ఆ పని కూడా ఇంటిపని ఖాతాలోకే పోయింది. ఆయన ఆఫీసులో కూర్చుని ఆవలించినా అది ఉద్యోగమే!

బట్టలు మడతపెడుతుంటే రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్న మాట మళ్ళీ చెవిలో మోగింది. "కుర్చీల ఎత్తు మామూలుగానే ఉంచమన్నాడు షాపాయన. సరేనన్నాను. రెండంగుళాలేగా, కొంపలేం మునిగిపోవు." ఆమె పేరుమీద వచ్చిన మొదటి ఆర్డరది. "బేరాలు నీకు చాతకావు, నేను మాట్లాడతాలే" అని ఫోను ఆయనే అందుకున్నాడు, ఆ కుర్చీలో ఉన్న విశేషమంతా ఆ రెండంగుళాలు తగ్గించడంలోనే ఉందన్న సంగతి మాత్రం ఆయన చెవికెక్కలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంటి డైనింగ్ కుర్చీలో కూర్చుంటే పాదాలు గాల్లో వేలాడాయి. "వదిన బడిపిల్లలా కాళ్ళూపుతోంది," అని ఆడపడుచు నవ్వింది. ఆ రోజు నుంచి అంచున కూర్చోవడం అలవాటైంది. తర్వాత ఫర్నిచర్ కంపెనీలో చేరి, ఆ ఎత్తు ఎవరి కాళ్ళను చూసి పెట్టారని అడిగితే, "స్టాండర్డ్ అమ్మా, దాన్ని ముట్టుకోకు," అని సీనియర్లంతా ఆమె వంక జాలిగా చూశారు. ఉద్యోగం మానేశాక, మిగిలిపోయిన ముక్కలతో పొట్టికాళ్ళ కుర్చీ ఒకటి కొట్టి కూర్చుంది. అరికాళ్ళు నేలకి ఆనాయి, వీపంతా వెనక్కి ఆనింది. ఏడుపొచ్చింది. చెక్క కుర్చీలో కూర్చుని ఏడవడమేమిటని నవ్వూ వచ్చింది.

ఆరు కుర్చీలకూ కాళ్ళు పొడుగ్గానే ఉన్నాయింకా. ముందు కాస్త ఎక్కువే వదిలి, చివర్లో సమంగా కోయడం పద్ధతి. కోసింది మళ్ళీ అతకదు. షెడ్డులోకి వచ్చి రంపం చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేసింది.

"వంట సంగతేమన్నా ఉందా, లేక ఈ రంపపు పొట్టే తినమంటావా?" అంటూ అత్తగారు లోపలికి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో నిలబడలేక, మూలనున్న ఆ ముక్కల కుర్చీ లాక్కుని అంచున కూర్చుంది. "నా రోజుల్లో ఇలా తలుపేసుకుని..." అంటూ ఎందుకో కాస్త వెనక్కి జరిగింది. ఇంకాస్త జరిగింది. మాట ఆగిపోయింది. అత్తగారు దెప్పిపొడుపు మధ్యలో ఆపడం ఆ ఇంటి చరిత్రలో లేదు.

"ఇదేం కుర్చీ అమ్మాయ్?"

"మామూలు కుర్చీయే అత్తయ్యా. కాళ్ళు కొంచెం పొట్టి."

అత్తగారు అరికాళ్ళు నేలమీద అటూ ఇటూ రాసి చూసుకుంది. "ఆడది అంచునే కూర్చోవాలి, అది మర్యాద అనేది మా అత్తగారు. నీకూ నేనదే నూరిపోశాను. మర్యాదా లేదు, పాడూ లేదు. కాళ్ళందక కూర్చున్నామే!"

"వంట చేసొస్తాను, ఉండండి."

"వాడొచ్చి చేసుకుంటాడు. నన్ను మాత్రం ఇక్కణ్ణుంచి లేపకు," అని కళ్ళు మూసుకుంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. ఎన్నేళ్ళుగా, ఎంతమందిమి! ఫోను తీసి షాపాయనకి తనే చేసింది.

"మీ ఆయన ఒప్పుకున్నారు కదమ్మా?"

"ఆయన మాట్లాడతారండీ. చేసేది నేను. ఎత్తు తగ్గించే ఇస్తాను."

"అమ్ముడుపోకపోతే?"

"ముందు మీ ఇంట్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టి చూడండి."

"సరే, రెండు పంపండి. మిగతావి తర్వాత చూద్దాం."

ఆరు రెండయ్యాయి. మిగతా నాలుగూ పొడుగ్గానే ఉంచితే ఎవరో ఒకరు కొనకపోరు. అయినా ఆరింటికీ గీతలు గీసుకుంది. మొదటి కాలు నెమ్మదిగా కోసింది. తర్వాతి వాటికి ఆగలేదు.

సాయంత్రం భర్త వచ్చేసరికి నేలమీద చిన్న చిన్న చెక్కముక్కలు పడున్నాయి. ఆయన ఒకటి తీసి చూసి, కుర్చీలవంక చూసి, మూల హాయిగా జారగిలబడ్డ తల్లి వంక చూశాడు.

"కోసేముందు ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

"అడిగానండీ," అందామె రంపానికంటిన పొట్టు దులుపుతూ. "కూర్చునేవాళ్ళని అడిగాను."