గొలుసుల అద్దె

ఆంబ్రోస్ టిల్నీ లండన్‌లో గుర్రపు జీనులు కుట్టి బతికేవాడు. కుట్టించుకున్న దొరలు డబ్బు ఎగ్గొట్టారు. తోళ్ళు అరువిచ్చిన హాబ్‌డే మాత్రం ఊరుకోలేదు, ఏడు పౌండ్ల బాకీకి ఆయన్ని జైల్లో వేయించాడు. కొట్టు మూతబడింది. పనిముట్లు వేలానికి పోయాయి. సంపాదించే చేతులను కట్టేస్తే బాకీ ఎలా తీరుతుందని ఏ జడ్జీ అడగలేదు.

భార్య డోర్కస్ నాలుగిళ్ళలో బట్టలుతికి, జైలుకు రొట్టె పట్టుకెళ్ళేది. చలికాలానికల్లా ఆంబ్రోస్ దగ్గుతో వంగిపోయాడు. ఆమె హాబ్‌డే ఇంటికి వెళ్ళింది.

"మా ఆయన చస్తే మీ తోళ్ళు తిరిగొస్తాయాండీ?"

హాబ్‌డే కలం అందుకున్నాడు. బాకీ వదులుకున్నట్టు రాసిచ్చాడు.

జైలరు క్రాఫ్ట్స్ ఆ కాగితం చదివి పక్కన పడేశాడు. "హాబ్‌డే బాకీ పోయింది సరే. మరి నాదో?"

"మీకేం బాకీ?"

"గది అద్దె, మంచం అద్దె, గొలుసుల అద్దె."

"గొలుసులు మా ఆయన అడిగి వేయించుకున్నాడా?"

"ఈ ఉద్యోగం డబ్బు పోసి కొనుక్కున్నానమ్మా. నేను తినొద్దా?"

పక్కింటి మిల్లిసెంట్ ఇల్లిల్లూ తిరిగి చిల్లర పోగుచేసింది. అది సరిపోయేలోపే జైలు జ్వరం ఆంబ్రోస్‌ను తీసుకుపోయింది. అద్దె కడితేగాని శవాన్ని ఇవ్వనన్నాడు క్రాఫ్ట్స్.

మిల్లిసెంట్ చిల్లర మూట విప్పబోతే డోర్కస్ చెయ్యి పట్టుకుంది. "వద్దే. బతికున్న మనిషిని ఇవ్వనోడికి ఒక్క పెన్నీ కూడా ఇవ్వను."

గేటు ముందు నిలబడి, వచ్చేపోయే ప్రతి మనిషికీ జరిగింది చెప్పింది. ఏడవలేదు, అరవలేదు. చేపలమ్మేవాళ్ళు ఆగారు, మూటలు మోసేవాళ్ళు ఆగారు. సాయంత్రానికి వీధి నిండిపోయింది.

"ఏం దొరా," అన్నాడొక కూలీ గేటు లోపలున్న జైలరుతో, "పారిపోతాడని శవానికి కూడా గొలుసులేశావా?"

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి గేటు తెరుచుకుంది. క్రాఫ్ట్స్ అద్దె మాట ఎత్తలేదు.

చర్చి వెనక గొయ్యి పూడుస్తుంటే హాబ్‌డే వచ్చాడు, టోపీ తీసి, పార అందుకోబోయాడు.

"నేను విడుదలకు రాసిచ్చాను కదమ్మా," అన్నాడు.

"ఇచ్చారు. లోపల వేయించిందీ మీరే."

డోర్కస్ పార ఆయన చేతికి అందనివ్వలేదు. మిగిలిన మట్టి తనే పోసింది.